పాత వీటెక్‌ను ఏడాది పోషించాలంటే ఎంత?

2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. ఉండేది కుప్పం దగ్గర శాంతిపురంలో, తిరిగేది ఏడాదికి 4,000 కిలోమీటర్లు. పెట్రోలు కాకుండా దీని పోషణకు నా లెక్కలో ఏడాదికి 46,000 రూపాయల పైచిలుకు అవుతుంది. పెట్రోలు కూడా కలిపితే 88,000 దాటుతుంది. కారు కొనే ధర లక్షో, లక్షన్నరో ఉంటుంది. బాగా కాపాడుకున్న బండి అయితే ఇంకా ఎక్కువ. అంటే రెండు మూడేళ్లలో పోషణ ఖర్చే కారు ధరను అందుకుంటుంది.

ఈ కారునే ఎంచుకోవడానికి కారణం ఉంది. అసలు సిసలు రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు మన రోడ్ల మీద ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటివి వచ్చాయి, పోయాయి. 2000 ప్రాంతంలో కుర్రకారు స్పోర్ట్స్ కారని మోజుపడినవి సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, ఫియట్ పాలియో 1.6, కాస్త తర్వాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. వీటెక్‌లో 1,493 సీసీ ఇంజనుకు 106 హార్స్ పవర్. దేశంలో మారుతీ 800 రాజ్యమేలుతున్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. అప్పట్లో అందని ఆ కారును నలభై దాటాక కొనుక్కుందామని చూసేవాళ్లు ఇప్పుడున్నారు. శాంతిపురం నుంచి వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరి, హార్సిలీ హిల్స్ ఘాట్ ఎక్కే దారిలో అలాంటి కారు తోలడంలోని ఆనందం నాకు తెలుసు. అందుకే వద్దని చెప్పడానికి ఈ లెక్క వేయడం లేదు. పాడి ఆవును కొనే రైతు ధర ఒక్కటే చూడడు, ఏడాది మేత, దాణా ముందే లెక్కేసుకుంటాడు. కారుకూ ఆ లెక్క ఉండాలి.

షెడ్డు ఖర్చులుగా కింద చెప్పేవి నా అంచనాలు. మెకానిక్‌ను బట్టి, వేసే సామాను ఒరిజినలా కాదా అన్నదాన్ని బట్టి మారతాయి. ప్రభుత్వ ఫీజులు మాత్రం నోటిఫికేషన్లలో ఉన్నవే.

కాగితాల ఖర్చు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ ఫీజు 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో కేంద్రం ఇంకో మెట్టు పెట్టింది: 20 ఏళ్లు దాటిన కారుకు 10,000. మన వీటెక్‌కు 20 ఏళ్లు నిండిపోయాయి కాబట్టి ఐదేళ్లకు 10,000, ఏడాదికి 2,000. గడువు దాటాక వెళ్తే నెలకు 500 చొప్పున అదనం. రెండేళ్లు మరచిపోయిన బండిని కొంటే ఆ ఆలస్యానికే 12,000 కట్టాలి, అసలు ఫీజు కంటే ఎక్కువ. చౌకగా వస్తోందని బేరం కుదుర్చుకునే ముందు ఆర్‌సీలో తేదీ చూడమని చెప్పేది ఇందుకే.

విదేశాల నుంచి దిగుమతైన కారుకు అదే రెన్యూవల్ 80,000. అంటే కారు షెడ్డులోంచి కదలకపోయినా ఏడాదికి 16,000. అసలైన విదేశీ స్పోర్ట్స్ కారు పాతది చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లు ఈ అంకెను ముందు రాసిపెట్టుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ కారుకు 3,416 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 4,031. ఇంజను 1,500 సీసీ దాటితే 7,897, జీఎస్టీతో 9,318. వీటెక్ 1,493 దగ్గర ఆగింది కాబట్టి గట్టెక్కింది. 1,781 సీసీ ఆక్టేవియా ఆర్‌ఎస్ పెద్ద స్లాబులో పడుతుంది. ఆ 288 సీసీల తేడా ప్రతి ఏడాదీ ఐదు వేలకు పైగా తీసుకుంటుంది. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కూడా కలిపితే మన కారుకు 4,500 అనుకోవచ్చు. ఇంత పాత కారుకు సొంత డ్యామేజీ పాలసీ తీసుకోవడం నా దృష్టిలో దండగ. ఏజెంటు కట్టే విలువ తక్కువ, క్లెయిము వచ్చినప్పుడు రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు, పాత లోహ భాగాలకూ తరుగు పట్టుకుంటారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్-4 కార్లకు ఏడాదికోసారి చాలు. 2002 కారు అంతకుముందు తరానిది, ఆరు నెలలకోసారి వెళ్లాల్సిందే. ఖర్చు వందల్లోనే. హరిత పన్ను, కార్డు ఖర్చులు, ఆఫీసుకు తిరుగుళ్లు అన్నీ కలిపి కాగితాల పద్దుకు ఏడాదికి 9,000 పెడుతున్నాను.

ఇంకొకటి. మన వైపు పాత కార్లు చాలావరకు బెంగళూరు నుంచే వస్తాయి. కర్ణాటక నంబరు బండిని ఆంధ్రలో 12 నెలలకు మించి ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ, లైఫ్ టాక్సు తప్పవు. అది కొన్న ఏడాది ఒక్కసారి పడే ఖర్చు కాబట్టి పై లెక్కలో చేర్చలేదు. బేరమాడేటప్పుడు మాత్రం దాన్ని కారు ధరలో కలిపి చూడాలి.

50 ఏళ్లు దాటిన బండ్లది వేరే దారి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం వాటికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్లకు చెల్లుతుంది. రోజువారీగా తిప్పకూడదు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ చేసిన హెరాల్డ్‌కు ఆ గౌరవం దక్కుతుంది. మన వీటెక్ 2052 దాకా ఆగాలి.

రబ్బరుకు కిలోమీటర్లతో పనిలేదు

తక్కువ తిరిగితే ఖర్చు తక్కువ అవుతుందని అందరూ అనుకుంటారు. పాత కారులో అది సగమే నిజం. టైర్లే చూడండి. నాలుగు టైర్లకు 16,000 అనుకుందాం. ఏడాదికి 4,000 కిలోమీటర్ల లెక్కన ఆరేళ్లకు తిరిగేది 24,000. అప్పటికి గాడులు ఇంకా లోతుగానే ఉంటాయి, చూస్తే కొత్త టైరే అనిపిస్తుంది. కానీ వంచి చూస్తే పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరుతో హైవేలో వేగంగా వెళ్లడం నేను ఒప్పుకోను, అరుగుదల ఉన్నా లేకపోయినా. ఆరేళ్లకు పంచితే ఏడాదికి 2,700. ఆ 2,700 కారు కదిలినా కదలకపోయినా పడుతుంది.

ఇంజనులో టైమింగ్ బెల్టుదీ ఇదే కథ. కిలోమీటర్ల గడువుతో పాటు దానికి ఏళ్ల గడువూ ఉంటుంది. అది తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, హెడ్డు విప్పాలి. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్పిస్తే 10,000 అనుకుని ఐదేళ్లకు పంచితే ఏడాదికి 2,000. విప్పిన కూలి ఎలాగూ ఒకటే కాబట్టి పంపును పాతది వదిలేయడం తెలివైన పొదుపు కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. అది పాతబడిన కారు ఊళ్లో బాగానే ఆగుతుంది. హార్సిలీ హిల్స్ నుంచి దిగేటప్పుడు, వరసగా మలుపుల్లో బ్రేకు తొక్కీ తొక్కీ వేడెక్కాక, పెడల్ మెత్తబడుతుంది.

మిగతావి తొందరగా చెబుతాను. బ్యాటరీ 5,000, నాలుగేళ్లకు పంచితే 1,250. అమరరాజా ఫ్యాక్టరీలు ఉన్న జిల్లా మనది, ఈ ఒక్క భాగానికి వెతుకులాట లేదు. క్లచ్ సెట్టు ఏడాదికి 1,500 వంతు. షాకబ్జార్బర్లు, బుష్‌లు 4,000. ఏసీ, పెట్రోలు పైపులు, సీళ్లకు 4,000. టింకరింగ్, పెయింటింగ్‌కు 5,000. తుప్పు కనిపించిన చోట కాదు, కనిపించని చోట మొదలవుతుంది: డోరు అడుగున రబ్బరు బీడింగ్ కింద, వెనక చక్రాల తోరణాల లోపల. ఏటా వానాకాలం అయ్యాక బీడింగ్ ఎత్తి వేలితో నొక్కి చూడాలి. టైర్ల నుంచి ఇక్కడిదాకా కలిపితే 20,450.

వార్షిక సర్వీసింగుకు, అంటే ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంటు, కూలికి, 7,000. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో దుమ్ము ఎక్కువ, ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినంత కాలం ఉండదు. ఇవి కాక అనుకోని రిపేరుకు 10,000 పక్కన పెట్టాలి. డిస్ట్రిబ్యూటరో, ఆల్టర్నేటరో, ఏదో ఒకటి ఏడాదికోసారి పలకరిస్తుంది. పాత హోండా సామాను షోరూములో లేకపోతే బెంగళూరు జేసీ రోడ్డు, అక్కడా లేకపోతే శివాజీనగర్ గుజరీ, చివరికి చెన్నై పుదుపేట. మూడు రాష్ట్రాల మొగదల ఉండటం ఈ విషయంలో శాంతిపురానికి కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలు, టైర్లు, బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడం కూడా కొంత ఊరట.

9,000, 7,000, 20,450, 10,000. మొత్తం 46,450.

పెట్రోలు, సరిహద్దు, ఇథనాల్

లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తే 4,000 కిలోమీటర్లకు 364 లీటర్లు. 2025లో ఆంధ్రలో లీటరు దాదాపు 109 రూపాయలు, బెంగళూరులో 103 లోపు. మన దగ్గర 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి ఉండటమే ఈ తేడాకు కారణం. లీటరుకు 6 రూపాయల చొప్పున 364 లీటర్లూ కర్ణాటకలో పట్టించగలిగితే ఏడాదికి 2,184 మిగులుతుంది. కానీ పెట్రోలు కోసమే బయల్దేరితే లాభం లేదు. 40 లీటర్లు పట్టిస్తే మిగిలేది 240. రానూ పోనూ 40 కిలోమీటర్లు తిరిగితే మూడున్నర లీటర్లకు పైగా కాలుతుంది, అది 370. కేజీఎఫ్‌కో బెంగళూరుకో వేరే పని మీద వెళ్లినప్పుడు పట్టించుకుంటేనే మిగులు.

ఆ మిగులు కూడా చేతిలో నిలవదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో దీనివల్ల మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మన కారుకు 6 శాతమే పట్టుకున్నా 364 లీటర్లు 387 అవుతాయి. 23 లీటర్లు, 2,500 రూపాయలు అదనం. ఏడాదంతా సరిహద్దు దాటి పట్టించి మిగుల్చుకున్నది ఇక్కడ పోతుంది. 2002 నాటి రబ్బరు పైపులు ఈ ఇంధనం కోసం చేసినవి కావు, అందుకే పెట్రోలు పైపులు, సీళ్లకు పైన విడిగా డబ్బు పెట్టాను. ఇథనాల్ నీటిని లాగుతుంది. కారును నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపి ఉంచకూడదు.

387 లీటర్లకు 109 చొప్పున 42,183. పోషణతో కలిపితే 88,633. కిలోమీటరుకు 22 రూపాయలు.

ఇదే కారును ఏడాదికి 1,000 కిలోమీటర్లే తిప్పితే కాగితాలు, టైర్లు, బ్యాటరీ, బెల్టు ఖర్చులేమీ తగ్గవు. పోషణ 43,000 దగ్గర ఆగుతుంది, పెట్రోలు 10,500, కిలోమీటరుకు 53 రూపాయలు పైన. 8,000 తిప్పితే పోషణ 52,500 దాకా పెరిగినా కిలోమీటరుకు 17కి దిగుతుంది. షెడ్డులో కవరు కప్పి ఉంచిన కారే అన్నిటికంటే ఖరీదైనది.

టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు 1989లో పుట్టిన మాజ్డా మియాటా లాంటి పాత స్పోర్ట్స్ కార్లు సరదాకు ఉంచుకుంటే లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఏటా రిజిస్ట్రేషన్ 50.75 డాలర్లు, తనిఖీ ఫీజుకు బదులు 7.50, కౌంటీ ఫీజు కొంత. 5,000 రూపాయలకు కాస్త పైనే. 24 ఏళ్లు దాటిన కారుకు పొగ పరీక్ష కూడా ఉండదు. వయసు పెరిగేకొద్దీ అక్కడ నిబంధనలు వదులవుతాయి, ఇక్కడ ఫీజు పెరుగుతుంది. అయితే అక్కడ మెకానిక్ గంట కూలి 100 డాలర్లు దాటడం మామూలే. మన షెడ్డులో ఆ డబ్బుకు రోజుల పని అవుతుంది. పాత కారును మనం ఇంకా పోషించగలుగుతున్నామంటే ఆ మెకానిక్ చేతి పనివల్లే. అందుకే కూలి దగ్గర బేరమాడటం నాకు నచ్చదు.

ఇక కొత్త కారుతో పోలిక. 10 లక్షల కారుకు బీమా కంపెనీలు వాడే తరుగు పట్టిక ప్రకారం ఐదో ఏడాది చివరికి విలువ సగమవుతుంది. 5 లక్షలు, అంటే ఏడాదికి లక్ష, సర్వీసింగు కట్టకముందే. పాత వీటెక్ ధర పడాల్సినంత ఎప్పుడో పడిపోయింది. దాని 46,450 ఆ తరుగులో సగం కూడా కాదు. భద్రత సంగతి వేరు. ఈనాటి కారు ప్రమాదంలో ఇచ్చే రక్షణ 2002 కారు ఇవ్వదు. ఇంట్లో ఇదొక్కటే కారైతే, పిల్లల్ని రోజూ దీంట్లోనే తీసుకెళ్లాల్సి వస్తే, డబ్బు మిగులుతుందని దీన్ని ఎంచుకోకూడదు.

రెండో కారుగా ఉంచుకోగలిగినవాళ్లు నెలకు 3,900 చొప్పున విడి ఖాతాలో వేస్తే పోషణ గడుస్తుంది. మొదటి ఏడాది మాత్రం ఆ ఖాతా నిండకముందే ఖర్చు వస్తుంది, చేతిలో 30,000 ఉంచుకుని కొనాలి. రెన్యూవల్‌కు గడువు 60 రోజుల్లోకి రాగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్ల దగ్గర బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని, ఇంటికి తెచ్చిన వారంలో అన్నిటికంటే ముందు అదే మార్పించాలి.