రుజుమార్గాన్ని అర్థించే ప్రార్థన

భగవంతుని ఎదుట చేతులు జోడించి నిలిచినప్పుడు మానవుడు ఏమి కోరుకోవాలి? ఆయురారోగ్యాలా? ఐశ్వర్యమా? సంతానమా? ఇస్లాం ధర్మాన్ని అనుసరించేవారు నిత్య నమాజులో ముఖ్యంగా అర్థించేది వీటిలో ఏదీ కాదు. తమను వంకర లేని దారిలో నడిపించమని మాత్రమే వారు సృష్టికర్తను వేడుకొంటారు.

పవిత్ర ఖుర్ఆన్‌లో 114 అధ్యాయాలున్నాయి. వాటిని సూరాలు అంటారు. వాటిలో మొదటిదైన ‘ఫాతిహా’ ఏడు వాక్యాల చిన్న అధ్యాయం. దైవస్తుతితో ఆరంభమై సన్మార్గ యాచనతో ముగుస్తుంది. రోజుకు ఐదు పూటలా విధిగా చేసే నమాజులలో మొత్తం 17 రకాతులుంటాయి. నిలిచి, వంగి, సాష్టాంగపడే ఒక ఆవృత్తికి రకాతు అని పేరు. ప్రతి రకాతులోనూ ఫాతిహాకు స్థానమున్నది. అనగా విశ్వాసి దినానికి 17 పర్యాయాలు దారి చూపమని అడుగుతున్నాడన్నమాట.

దారిలో ఉన్నవాడు మళ్లీ మళ్లీ దారి అడగడమెందుకని సందేహం కలుగవచ్చు. నిన్న చక్కగా నడిచినవాడు నేడు తప్పటడుగు వేయడన్న నమ్మకమేమున్నది? అందుకే ఆ యాచనకు విరామం లేదు. వేదాధ్యయనపరులకు ఇది అపరిచితమైన కోరిక కాదు. ఈశావాస్యోపనిషత్తు చివరి మంత్రంలో అగ్నిదేవుణ్ణి అర్థించేది కూడా మంచి దారిలో నడిపించమనే కదా!

మార్గదర్శనం వచ్చిన తీరు

దైవమిచ్చే ఈ మార్గదర్శనాన్నే ‘హిదాయత్’ అంటారు. ఫాతిహాలో మార్గాన్ని అడిగిన వెంటనే, రెండవ అధ్యాయమైన ‘బఖరా’ ఆరంభంలోనే ఈ గ్రంథం భయభక్తులు గలవారికి దారి చూపుతుందన్న ప్రకటన కనబడుతుంది. అడిగినది ప్రార్థన, లభించినది గ్రంథం. ఈ వరుసను ముస్లిం పండితులు ఎంతో ఆదరంగా వివరిస్తారు.

మక్కా నగర సమీపాన హిరా గుహలో ధ్యానమగ్నుడై ఉన్న ముహమ్మద్ ప్రవక్తకు క్రీ.శ. 610లో తొలి దైవవాణి అందిందని వారి విశ్వాసం. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు. ఆ వాణిలోని మొదటి ఆదేశం చదువుమని. అక్కడినుండి 632లో ఆయన పరమపదించే వరకు సుమారు 23 సంవత్సరాల పాటు సందర్భానుసారంగా వాక్యాలు అవతరించాయని చెబుతారు.

ఇక్కడ మనం స్పష్టంగా గ్రహించవలసిన విషయం ఒకటున్నది. ముహమ్మద్ ప్రవక్త వారికి దేవుడు కాడు, అవతారమూ కాడు. ఆయన దైవదాసుడు, సందేశహరుడు. ఆరాధన సృష్టికర్తకు మాత్రమే చెందుతుంది. ఆదం, నూహ్, ఇబ్రాహీం, మూసా, ఈసా మొదలైన ప్రవక్తలను ఖుర్ఆన్ పేర్కొన్నది. ప్రతి జాతికీ మార్గదర్శకుడు ఉన్నాడనీ, ప్రతి ప్రవక్తా తన జనుల భాషలోనే బోధించాడనీ కూడా అది చెబుతున్నది. దారి తెలియజెప్పకుండా తప్పు నడిచావని దండించడం న్యాయం కాదన్న భావం ఇందులో ఉన్నది.

అప్పు పత్రమూ ధర్మమే

ఆ మార్గం ఎక్కడ ఉన్నది? మసీదులో మాత్రమే ఉన్నదా? ఖుర్ఆన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యం దేనిని గురించి చెబుతున్నదో చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. బఖరా అధ్యాయంలోని ఆ 282వ వాక్యం అప్పు పత్రం వ్రాసుకొనే పద్ధతిని వివరిస్తున్నది.

గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు దానిని వ్రాసుకోవాలి. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి. ఏమి వ్రాయాలో చెప్పవలసినవాడు అప్పు తీసుకొనేవాడు. అతడు వివేకం చాలనివాడో, బలహీనుడో అయితే అతని సంరక్షకుడు న్యాయబద్ధంగా చెప్పాలి. సాక్షులుండాలి. మొత్తం చిన్నదే కదా అని వ్రాయడానికి విసుగుచెందరాదు. వ్రాసినవానికి గాని, సాక్షికి గాని హాని తలపెట్టరాదు. ఎంతటి సూక్ష్మదృష్టి! ఇచ్చేవాని చేతిలో ధనబలం ఉంటుంది. కనుక మాట చెప్పే అధికారం పుచ్చుకొనేవానికి దక్కింది. దీనికి కొద్దిగా ముందే వడ్డీని నిషేధించి, అప్పు తీసుకొన్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలనీ, మాఫీ చేస్తే మరింత శ్రేయస్కరమనీ చెప్పబడినది.

పాఠకులారా! ‘మనలో మనకు కాగితమెందుకు’ అంటూ ఇచ్చిన చేబదులు ఎన్ని కుటుంబాలను విడదీసిందో ఒకసారి తలచుకోండి. ఇచ్చినవాడు ఒక లెక్క చెబుతాడు, పుచ్చుకొన్నవాడు మరొక లెక్క చెబుతాడు. ఇద్దరూ అబద్ధమాడకపోవచ్చు. జ్ఞాపకమే మోసగిస్తుంది. ఆ తరువాత అన్నదమ్ములు ఒకరి ఇంటి శుభకార్యానికి మరొకరు వెళ్లరు. వ్రాతను అపనమ్మకానికి గుర్తుగా భావిస్తాము గాని, నిజానికి బంధుత్వాన్ని కాపాడేది అదే. ఇంతటి లౌకిక విషయాన్ని దైవవాణిగా స్వీకరించిన ధర్మం, భక్తినీ లావాదేవీనీ వేరుచేయలేదని తెలుస్తున్నది.

తూనికలలో తనకు నిండుగా కొలిపించుకొని ఇతరులకు తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. వృద్ధులైన తల్లిదండ్రుల పట్ల విసుగుతో ‘ఛీ’ అని కూడా అనరాదన్నది మరొక ఆదేశం. ఒక వర్గంపై గల ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్న భావం ఇంకొకచోట ఉన్నది. ముఖాన్ని తూర్పుకో పడమరకో త్రిప్పడంలోనే పుణ్యం లేదనీ, విశ్వాసంతోపాటు బంధువులకు, అనాథలకు, పేదలకు, బాటసారులకు ధనమివ్వడంలోనూ, ఇచ్చిన మాట నిలుపుకోవడంలోనూ ఉన్నదనీ బఖరా అధ్యాయమే విశదం చేస్తున్నది.

తోచనప్పుడు ఏమి చేయాలి?

వివాహం, వ్యాపారం, ప్రయాణం వంటి విషయాలలో ఎటూ తోచనప్పుడు వారు ‘ఇస్తిఖారా’ అనే ప్రార్థన చేస్తారు. రెండు రకాతుల నమాజు చేసి, ఈ కార్యం నాకు మేలైతే సులభం చేయుమనీ, కీడైతే నన్ను దాని నుండీ, దానిని నా నుండీ మళ్లించుమనీ కోరడం దాని సారాంశం. అలాగని ఆలోచన మానివేయమని కాదు. పరస్పరం సంప్రదించుకొని వ్యవహరించేవారిని ఖుర్ఆన్ మెచ్చుకొన్నది. పెద్దల సలహా, స్వీయ వివేచన, దైవప్రార్థన మూడూ కలిసి నడవాలన్నమాట.

పొరుగువారి ధర్మాన్ని తెలుసుకోవడం మన తెలుగు పండితులకు కొత్త కాదు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రచించిన చిలుకూరి నారాయణరావుగారు ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. ఒకరి ధర్మాన్ని తెలుసుకొన్నంత మాత్రాన మన ధర్మం తరిగిపోదు. భేదాలు భేదాలుగానే ఉంటాయి. వాటిని దాచనక్కరలేదు, వాటిని పట్టుకొని కలహించనూ అక్కరలేదు.

దారి చూపమని దైవాన్ని అడగడం సులభం. చూపిన దారి మన దుకాణం త్రాసు మీదుగా, అప్పు పత్రం మీదుగా, వృద్ధ తల్లిదండ్రుల మంచం ప్రక్కగా పోతున్నప్పుడు అందులో అడుగు వేయడమే కష్టం. ఏ పేరుతో పిలిచినా ఆ పరమాత్మ మనలో ఎదురుచూసేది ఆ అడుగునే.