కఫీల్ అంటే యజమానా?

ఈ వారం మన మాటల ముచ్చట్లలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళ నోట రోజూ నలిగే ఒక అరబ్బీ మాట గురించి చెప్పుకుందాం. అదే "కఫీల్".

ఇక్కడ దోహాలో నాలాంటి ఐటీ కన్సల్టెంటు దగ్గర్నుంచి ఇళ్ళల్లో పనిచేసే అక్కల వరకు అందరం వాడే మాటే. అర్థమేమిటంటే మాత్రం "యజమాని" అనేస్తాం. అసలు అర్థం అది కాదండీ.

అరబ్బీ మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. దీని ధాతువు క-ఫ-ల. ఒకరి భారం తన మీద వేసుకోవడం, పూచీ పడడం అని అర్థం. ఖురాన్ మూడో అధ్యాయంలో పసిపిల్ల మర్యమ్ సంరక్షణను జకరియాకు అప్పగించినట్టు చెప్పేచోట ఈ ధాతువే వస్తుంది. అనాథ పిల్లల బాధ్యత తీసుకోవడాన్ని "కఫాలా" అంటారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో ఆ మాట అలాగే ఉంది.

ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో అప్పుకి హామీ ఉండేవాడు కఫీల్. మన ఊళ్ళలో జామీను ఉండడం లాంటిదే. ఆ "జామీను" కూడా పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చిన అరబ్బీ మాటే!

జామీను ఉన్నవాడు అప్పు తీసుకున్నవాడికి యజమాని అయిపోతాడా? కాడు కదా. తేడా వస్తే కట్టాల్సింది ఆయనే. కానీ గల్ఫ్ వీసా పద్ధతిలో పూచీ పడ్డవాడి చేతికే అధికారమూ వచ్చింది. ఖతర్‌లో ఉద్యోగం మారాలన్నా, దేశం దాటాలన్నా ఆయన అనుమతి కావలసి వచ్చేది. అలా బాధ్యతను చెప్పే మాట పెత్తనాన్ని చెప్పే మాటయింది.

2015లో చేసిన చట్టంలో ఖతర్ "కఫీల్" అన్న మాటనే తీసేసింది. పేరు మారింది గానీ, ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి పత్రం అక్కర్లేదనడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. దేశం దాటడానికి అనుమతి చాలామందికి 2018లో, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి 2020లో తీసేశారు. మనం రాసి ఇచ్చి కోరితే తప్ప పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకునే హక్కు కూడా యజమానికి లేదు.

జగిత్యాల నుంచో, కడప నుంచో కొత్తగా వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఈ సంగతులు చెప్పండి. కఫీల్ అంటే మనల్ని కొనుక్కున్నవాడు కాదు, మన పూచీ తీసుకున్నవాడు.

వచ్చే వారం మరో మాటతో కలుద్దాం. సెలవు.