పదేళ్లు దాటిన పిల్లలకు పుస్తకమేదీ?

నరసరావుపేట: రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. వేసవి సెలవుల్లో పల్నాట మధ్యాహ్నం పన్నెండు దాటితే పిల్లలు వీధి ముఖం చూడలేరు. సాయంత్రం ఐదింటి వరకు ఇంటిపట్టున ఉండక తప్పని ఆ సమయం ఒకప్పుడు కథల పుస్తకాలది. నేడది సెల్‌ఫోను పాలైంది. ఇందుకు పిల్లలను నిందించి ఊరుకోవడం సులువే. ఫోను లాక్కున్న తరువాత ఆ చేతిలో ఏ పుస్తకం పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు అంత సులువుగా దొరకదు.

ఆరేడేళ్ల వారికి తెలుగులో బొమ్మల కథలున్నాయి. పెద్దలకు నవలల కొదవ లేదు. ఐదో తరగతి దాటి, పదో తరగతి పరీక్షలు వ్రాసేలోపు వయసు వారికి ఉద్దేశించిన అర దాదాపు ఖాళీగా ఉంది. పూర్వులు వయస్సంధి అన్నది ఈ దశనే. బాల్యం వీడింది, యౌవనం ఇంకా చేరలేదు. కాకి, నక్క కథలు చదవమంటే చిన్నతనంగా తోస్తుంది. కుటుంబ నవల ఇస్తే విసుగు పుడుతుంది. ఈ ప్రాయం కోరేవి ముఖ్యంగా రెండు: అద్భుతం, ఉత్కంఠ. ఆ రెండూ తెలుగులో దొరకని పిల్లలు ఆంగ్లానికి మళ్లుతారు. ఆంగ్లం కొరుకుడు పడనివారు చదవడమే మానేస్తారు. మన జిల్లాలో రెండో కోవ వారే అధికమని వేరే చెప్పనక్కరలేదు.

మంత్రానికీ నియమం ఉంది

మాయలు, మాంత్రికులు, హత్యలు, దర్యాప్తులు చదివితే పిల్లలు చెడిపోతారనీ, కనీసం కాలం వృథా అవుతుందనీ తలచే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆ కథలు ఎలా నడుస్తాయో కాస్త పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

అద్భుత కథ అంటే ఏమైనా జరగవచ్చుననే కథ కాదు. అందులో మంత్రానికి నియమం ఉంటుంది, నియమం తప్పితే మూల్యం ఉంటుంది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చిత్రాన్నే తీసుకోండి. బొమ్మ చేతిలో ఉన్నంతసేపే తోటరాముడికి మేడలు, మిద్దెలు. అది మాంత్రికుడి చేతికి పోయిన మరుక్షణం అతడు మళ్లీ తోటమాలి కొడుకే. తిరిగి సంపాదించుకోవడానికి తెలివీ తెగువా కావాలి. మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన 'కాశీమజిలీ కథలు' ఈ చిత్రానికి మూలం. ఇంట్లో, బడిలో అన్ని నియమాలూ ఇతరులు పెట్టినవే అయిన పన్నెండేళ్ల పిల్లవాడికి, తనంతట తాను నిర్ణయం తీసుకుని దాని ఫలితం తానే అనుభవించే వీలు ఇటువంటి కథలోనే ముందుగా లభిస్తుంది.

ఉత్కంఠ కథ పని వేరు. రచయితకు తెలిసిన విషయం పాఠకుడికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ లోపు పాఠకుడు ఊహిస్తాడు, పొరబడతాడు, ఇరవై పుటలు వెనక్కు తిప్పి ఆనవాలు వెతుకుతాడు. గైడులో జవాబు ప్రశ్న కిందనే అచ్చై ఉంటుంది; అపరాధ పరిశోధన కథలో అది మూడో ప్రకరణంలో ఒక వాక్యం చాటున దాగి ఉంటుంది. రెండింటిలో దేనివల్ల చదివే నేర్పు అలవడుతుందో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

బొంగరం విసిరిన బాలుడు

నిజానికి పల్నాటికి ఈ రకం కథలు కొత్త కాదు. శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర' ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే వీరవిద్యావంతులు ఈ కథను ఊరూరా పాడుతూ వచ్చారు. ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు కారెంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేరిట జరిగే ఉత్సవాలు దాని స్మృతులే.

ఆ కథలో నడిమి ఘట్టం ఒక కుర్రవాడిది. యుద్ధం దాపునకు రానీయకుండా ఐతాంబ కొడుకును కాపాడుకుంటుంది. బాలచంద్రుడు బొంగరాలాడుకుంటూ ఉంటాడు. బొంగరం గురి తప్పి ఒక స్త్రీ కాలికి తగులుతుంది. అయినవారంతా కార్యమపూడి కదనరంగంలో ఉంటే నీకు ఆటలా అని ఆమె నిలదీస్తుంది. ఆ మాటతో బాల్యం ముగుస్తుంది. నేడు ప్రపంచమంతటా పిల్లలు చదివే అద్భుత నవలల్లో తొలి ప్రకరణం ఇంచుమించు ఇలాగే ఉంటుంది: ఆడుకుంటున్న పిల్లవాడు, ఎక్కడి నుంచో వచ్చిన పిలుపు, ఇల్లు దాటే అడుగు.

ఇక్కడొక మాట చెప్పవలసి ఉంది. మన పిల్లలకు కోడిపందెం తెలుసు, నాగమ్మ ఎత్తు తెలుసు, బాలచంద్రుడి శౌర్యం తెలుసు. ఆ కథ ఎలా ముగిసిందో చెప్పేవారు తక్కువ. ఇరుపక్షాల వీరులూ నేలకొరిగారు. బాలుడూ మిగలలేదు. సర్వం పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనశ్రుతి. పల్నాడు అనగానే బయటివారికి కక్షలు, కార్పణ్యాలు స్ఫురించే పరిస్థితిలో సగం కథ చెప్పడం మంచిది కాదు. పిల్లల కోసం ఏ సాహస కథను ఎంచుకున్నా వేసుకోదగిన ప్రశ్న ఇదే: ఇందులో ఒక మనిషి చనిపోతే ఎవరైనా ఏడుస్తున్నారా, లేక లెక్కకు మరొకడు చేరాడా?

పేరు అచ్చుకాని రచయిత

పది, పదిహేనేళ్ల మధ్యవారికి తెలుగులో వచ్చిన అద్భుత సాహిత్యానికి ఒక స్వర్ణయుగం ఉంది. అది మన పాత గుంటూరు జిల్లావాసి చేతిలోనే నడిచింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి 'చందమామ' ప్రారంభించారు. తెనాలికి చెందిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు దాని సంపాదకత్వ బాధ్యత వహించారు. పెదగాదెలవర్రులో 1932లో జన్మించిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లోనే అక్కడ ఉద్యోగంలో చేరి ఐదు దశాబ్దాలకు పైగా పనిచేశారు.

1954లో 'తోకచుక్క' ధారావాహికతో మొదలుపెట్టి, 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'భల్లూక మాంత్రికుడు' వంటివి 1970ల చివరి వరకు ఆయన వ్రాశారు. చిత్రా గీసిన రంగుల బొమ్మలు వాటికి మరో ఆకర్షణ. ప్రతి నెలా భాగం ఏదో ఒక ఆపదలో ఆగేది. మరుసటి నెల పత్రిక వచ్చేవరకు పాఠకుడికి నిద్ర పట్టేది కాదు. విచిత్రమేమంటే ఇన్ని లక్షలమందిని కట్టిపడేసిన ఆ ధారావాహికల మీద రచయిత పేరు ఉండేది కాదు. అవి వ్రాసినది ఎవరో చాలామందికి పెద్దయిన తరువాతే తెలిసింది. 2010లో ఆయన కన్నుమూశారు.

ఈ రచనల్లో ఒక పద్ధతి గమనింపదగినది. కథానాయకుడు ఒంటరి కాదు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తు. ఇద్దరు యువకులు, ఒకరి లోటు మరొకరు పూడ్చుకుంటూ అడవులు, లోయలు, కోటలు దాటుకుంటూ పోతారు. మాంత్రికుడు ఎంత భయంకరుడైనా అతడి శక్తికి ఒక హద్దుంటుంది, దాన్ని కనిపెట్టడమే కథ. వాక్యాలు చిన్నవి. సమాసాలు అరుదు. పన్నెండేళ్ల పాఠకుడు ఎక్కడా ఆగి అర్థం అడగనక్కరలేదు. భాష విషయంలో ఇంత శ్రద్ధ చూపిన పిల్లల పత్రిక మరొకటి లేదనిపిస్తుంది.

'చందమామ' 2010 దశకం తొలినాళ్లలో ఆగిపోయింది. 'బాలమిత్ర', 'బొమ్మరిల్లు' వంటివీ పాఠకుల ఇళ్లలో నుంచి తొలగిపోయాయి. నెలనెలా ఒక భాగం చొప్పున చదువుతూ, ఏళ్లతరబడి పఠనాభ్యాసం నిలుపుకొనే మార్గం వాటితోనే మూసుకుపోయింది. ఈ నష్టాన్ని పత్రికలు మూతపడిన వార్తగా మాత్రమే చూశాం.

అద్దె దుకాణాల నాటి భయాలు

ఉత్కంఠ నవలల చరిత్ర వేరు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతడి అసిస్టెంటు రాజు. మధుబాబు సృష్టించిన షాడో - వీరి పేర్లు అద్దె పుస్తకాల దుకాణాల కాలంలో పెరిగినవారికి పరిచయం చేయనక్కరలేదు. పాఠ్యపుస్తకం మధ్య షాడోను దాచి చదివినవారు నేడు తాతలయ్యారు. అయితే ఇవి పెద్దలకు వ్రాసినవి. పిల్లలు చదివారు, అంతే. పొరుగున బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1965లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక కోసమే ఫెలూదా అనే డిటెక్టివ్‌ను సృష్టించారు. పాఠకులు పిల్లలన్న స్పృహతో ఆ కథలు నడిచాయి. తెలుగులో అంతటి స్థాయిలో పిల్లలకే అంకితమైన డిటెక్టివ్ నిలదొక్కుకోలేదు. నండూరి రామమోహనరావు అనువదించిన 'కాంచనద్వీపం' ఈ లోటును కొంత తీర్చింది. దొంగల నావ, నిధి పటం, ఎవరిని నమ్మాలో తెలియని బాలుడు - ఉత్కంఠకు ఇంతకంటే ఏం కావాలి?

1980ల తొలినాళ్లలో సంచలనం సృష్టించిన యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' సంగతి ప్రత్యేకంగా ప్రస్తావించాలి. క్షుద్రశక్తుల ఇతివృత్తంతో సాగిన ఆ నవలను విమర్శిస్తూ రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అనే పుస్తకమే వ్రాశారు. ఆ వివాదంలో ఎవరి పక్షం వహించినా, పిల్లల విషయంలో ఒక భేదం స్పష్టం. 'రాకాసిలోయ' మాంత్రికుడు ఏ కాలానికీ, ఏ ఊరికీ చెందనివాడు. పుస్తకం మూయగానే అతడూ మాయమవుతాడు. చేతబడి నవల మన వీధి లాంటి వీధిలో, మన ఇంటి లాంటి ఇంట్లో జరుగుతుంది. చేతబడి అనుమానంతో మనుషులను హింసించిన సంఘటనలు నేటికీ వార్తలకెక్కుతున్న సమాజంలో, పన్నెండేళ్ల పిల్లలకు రెండోదానికంటే మొదటిదే క్షేమం. పదహారేళ్లకు చదివి వాదించుకోనివ్వండి, తప్పులేదు.

పరుసవేది మన ఎరుకలోనిదే

ఆంగ్లంలో జె.కె.రౌలింగ్ 1997 నుంచి 2007 వరకు ఏడు హ్యారీపోటర్ నవలలు వెలువరించారు. మొదటిదానికి తెలుగు అనువాదమూ వచ్చింది. ఆ కథకు కేంద్రమైన వస్తువు పరుసవేది. మాచర్ల పిల్లలకు దాన్ని వివరించడానికి ఇంగ్లండు వరకు పోనక్కరలేదు. లోహాన్ని బంగారం చేయగల సిద్ధ నాగార్జునుడి ఐతిహ్యం శ్రీపర్వతాన్ని అంటిపెట్టుకుని శతాబ్దాలుగా ఉంది. బౌద్ధ తాత్త్వికుడైన ఆచార్య నాగార్జునుడూ, రసవాదిగా పేరొందిన సిద్ధుడూ వేర్వేరని పండితులు భావిస్తారు. పరిశోధకుడికి ఇది చిక్కు, కథకుడికి వరం. నాగార్జునకొండకు విహారయాత్ర వెళ్లిన పిల్లలకు ఈ రెండు మాటలు చెబితే ఆ శిథిలాలు మాట్లాడతాయి.

పోటర్ నవలలు ఇచ్చే ముందు ఒక జాగ్రత్త. అవి పాఠకుడితో పాటు వయసు పెరిగే పుస్తకాలు. మొదటి మూడూ పదేళ్లవారికి తగినవి. 2000లో వచ్చిన నాలుగోదానిలో తోటి విద్యార్థి మరణం ఉంది. అక్కడి నుంచి కథ చీకటిపడుతుంది. ఏడింటినీ ఒకే వేసవిలో ముగించాలన్న పోటీ పెట్టకుండా ఏడాదికి ఒకటి, రెండు చొప్పున ఇవ్వడం మేలు. అమెరికాలో రోషణి చోక్షి 2018 నుంచి వెలువరించిన 'ఆరూ షా' నవలలు మహాభారత పాత్రల ఆధారంగా నడుస్తాయి. ఆంగ్లమాధ్యమ విద్యార్థులకు ఇవి దగ్గరి దారి.

రూపాయికి 8 పైసలు

కొని ఇచ్చే స్తోమత అందరికీ ఉండదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయిపైనా 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నది. అంటే నరసరావుపేటలో గాని, గురజాలలో గాని ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ పుస్తకాల సొమ్ము ముందే చెల్లించినట్లే. శాఖా గ్రంథాలయాలకు వెళ్లి పోటీపరీక్షల పుస్తకాలు, దినపత్రికలు అడిగేవారున్నారు. పిల్లల నవలలు కావాలని అడిగేవారు కరవయ్యారు. అడగని పుస్తకం కొనుగోలు జాబితాలో చేరడం కష్టం. పాఠశాల విద్యాశాఖ 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం చేపట్టింది. బడి గ్రంథాలయ బీరువా తాళంచెవి ఎవరి వద్ద ఉందో తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి విచారించడం కూడా ఆ కోవలోని పనే.

దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఆయన మరణానంతరం పుస్తకరూపంలో వచ్చాయి. పిల్లల సాహిత్యానికి పేరొందిన 'మంచి పుస్తకం' వంటి ప్రచురణ సంస్థలను సంప్రదిస్తే వాటి సమాచారం లభిస్తుంది. ఏది ముందు అన్నవారికి మా సూచన: పదేళ్లవారికి 'తోకచుక్క', పన్నెండేళ్లవారికి 'శిథిలాలయం', 'కాంచనద్వీపం', ఆపైన పల్నాటి వీరచరిత్ర వచన కథ. తొలి రెండు ప్రకరణాలు పెద్దలెవరైనా పైకి చదివి వినిపించి, కథ ఆపదలో పడిన చోట పుస్తకం మూసి బల్లమీద ఉంచి, వేరే పని చూసుకోవాలి. తక్కినది ఆ పిల్లవాడు చూసుకుంటాడు.