పండుగ ముంగిట్లో కాదు.. నెల ముందే ప్రచారం
ఏడాది ప్రణాళికతోనే చిన్న చేనేత వ్యాపారులకు మేలు

భూదాన్‌పోచంపల్లి: మగ్గంపై చీర నేయడం ఒక ఎత్తయితే, దాన్ని సకాలంలో అమ్ముకోవడం మరో ఎత్తు. ఇంటి ముందు గదినే దుకాణంగా మార్చుకున్న చిన్న చేనేత వ్యాపారులు అనేకులు ఇప్పుడు వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా తమ సరుకు గురించి కొనుగోలుదారులకు తెలియజేస్తున్నారు. అయితే తీరిక దొరికినప్పుడు నాలుగు ఫొటోలు పెట్టడం, పని ఒత్తిడిలో నెలల తరబడి మరచిపోవడం పరిపాటిగా మారింది. పండుగ రెండు రోజులుందనగా ప్రకటన ఇస్తే చూసినవారు మెచ్చుకుంటారే తప్ప కొనలేరు. ఏ వారం ఏ విషయం చెప్పాలో ఏడాది ఆరంభంలోనే నిర్ణయించుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

నష్టం ఎక్కడ?

అమ్ముడుపోని చీర అంటే అల్మారాలో నిలిచిపోయిన పెట్టుబడి. అందులో నూలు ఖరీదు, రంగుల ఖర్చు, ఆసు పోసిన ఇల్లాలి శ్రమ, నేసినవారి కూలి అన్నీ ఇమిడి ఉంటాయి. అప్పు తెచ్చి నూలు కొన్నవారికి వడ్డీ భారం తోడవుతుంది. చేతిలో డబ్బు ఆడకపోతే కొత్త వార్పు మగ్గమెక్కదు. మగ్గం ఆగితే దానిపై ఆధారపడిన కుటుంబానికి పని ఉండదు. చివరకు వచ్చిన ధరకే చీరను వదులుకోవలసి వస్తుంది. కనుక ప్రచారంలో జాప్యం నేరుగా నేతన్న కూలిపైనే ప్రభావం చూపుతుంది.

వెనక్కి లెక్కించాలి

ప్రణాళికకు మొదటి మెట్టు పంచాంగం. సంక్రాంతి మినహా మన పండుగలు చాలావరకు ఇంగ్లీషు తేదీలతో నడవవు. శ్రావణంలో మహిళలు ఆచరించే వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న రాగా, 2024లో 16న, 2025లో 8నే వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడంతో ఆ ఏడాది వ్రతం ఆలస్యమైంది. నిరుటి తేదీలనే ఈ ఏటికి దించుకుంటే రెండు మూడు వారాలు తేడా వచ్చే ప్రమాదముంది.

తేదీ తెలిశాక అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. 2025 వ్రతాన్నే తీసుకుందాం. రవిక కుట్టడానికి, ఫాల్ వేయించడానికి 2 వారాలు, పార్శిల్ చేరడానికి వారం, కొనుగోలుదారు ఇంట్లో ఆలోచించుకోవడానికి మరో వారం పడుతుందనుకుంటే మొత్తం 4 వారాలు. అంటే ఆగస్టు 8 నాటి పండుగకు జూలై 11 నాటికే చీరలు కళ్లముందు ఉంచాలి. అది ఆషాఢం. పెళ్లిళ్లు లేక అంగళ్లు మందకొడిగా ఉండే ఆ మాసాన్ని శ్రావణ ప్రచారానికి వినియోగించుకోవచ్చు. బతుకమ్మ, దసరా, దీపావళి, మాఘ మాసపు పెళ్లి ముహూర్తాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మగ్గానికి, మాటకు పొంతన

ఇక్కత్‌లో మరో చిక్కుంది. నూలు పోగులను గుత్తులుగా కట్టి, ముందే రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. కనుక ఏ డిజైన్, ఏ రంగు అన్నది నేత మొదలుకాక మునుపే ఖరారవుతుంది. ఆసు పోయడం, చిటికి కట్టడం, రంగులద్దడం, అచ్చు అతకడం పూర్తయి వార్పు మగ్గం దిగేసరికి వారాలు గడుస్తాయి. పండుగ ముందు ఎవరైనా వేరే రంగు కావాలంటే అప్పటికప్పుడు చేసివ్వడం సాధ్యం కాదు. అందువల్ల నేత ప్రణాళిక, ప్రచార ప్రణాళిక ఒకే పుస్తకంలో ఉండాలి. ఏ వార్పు ఎప్పుడు దిగుతుందో రాసిన పేజీకి ఎదుటి పేజీలోనే దాన్ని ఎప్పుడు ప్రకటించాలో రాసుకోవాలి. వర్షాకాలంలో గుంట మగ్గాల్లోకి నీరు ఊరి పని ఆగిపోయే సందర్భాలుంటాయి. చేతిలో లేని చీరకు తేదీ చెప్పి మాట తప్పితే పోయిన నమ్మకం మళ్లీ రాదు.

ఏం రాయాలి?

రోజూ చీర ఫొటో, ధర మాత్రమే పెడితే చూసేవారికి విసుగు పుడుతుంది. కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలే అసలైన విషయ సామగ్రి. అసలు ఇక్కత్‌ను ఎలా గుర్తించాలి? పోగులకే రంగు పట్టించి నేస్తారు గనుక డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచుల వద్ద గీతలు కాస్త చెదిరినట్లుంటాయి. అచ్చు వేసిన నకలు బట్ట వెనుక వైపు సాధారణంగా వెలిసినట్లుంటుంది. పట్టు చీర ఎలా ఉతకాలి, ఎలా మడతపెట్టాలి, సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ దేనికి సంకేతాలు, చీరకు ఆ ధర ఎందుకు పలుకుతుంది.. ఇలా ఒక్కో ప్రశ్నకు ఒక్కో చిన్న రచన సరిపోతుంది. ఇవి పాతబడవు, మరుసటి ఏడాదీ పనికొస్తాయి.

ఊరి చరిత్ర కూడా చెప్పదగినదే. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమివ్వడంతో భూదానోద్యమం ఇక్కడే పురుడుపోసుకుంది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఈ గ్రామాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. స్వదేశీ ఉద్యమం 1905లో మొదలైన ఆగస్టు 7వ తేదీని 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఇలాంటి తేదీలను ముందే గుర్తించి పెట్టుకోవాలి.

వారానికి ఒకటి చాలు

ఒకే మగ్గం, ఒకే కుటుంబం ఉన్నచోట రోజుకొకటి రాయడం అయ్యే పని కాదు. వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 52. అందులో నాలుగో వంతు, అంటే 13 వారాలు ఖాళీగా వదలాలి. అనుకోని ఆర్డరు, కొత్త డిజైన్, ఊళ్లో విశేషం వంటివి అందులో సర్దుకుంటాయి. మిగిలిన 39లో నెలకు 3 చొప్పున 36 సాధారణ అంశాలు, మరో 3 పెద్ద పండుగల కోసం. నెలకు ఒక ఉదయం కేటాయించి ఎండ ముదరక ముందే ఆ నెలకు కావలసిన ఫొటోలన్నీ తీసుకుంటే, సాయంత్రం కూర్చుని నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ పని పంచుకోవచ్చు.

వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. ప్రసార జాబితాకు పంపిన సందేశం మన నంబరు దాచుకున్నవారికే చేరుతుంది. అందుకని చీర అమ్మిన ప్రతిసారీ నంబరు దాచుకొమ్మని కోరడం మరవకూడదు. ముందే రాసి పెట్టుకున్న సందేశమైనా పంపేముందు ఒకసారి చదివి చూడాలి. ఊళ్లో విషాదం జరిగిన రోజున పండుగ కబురు పంపడం తగదు. అమ్ముడైపోయిన చీర ఫొటో మళ్లీ వెళ్లకూడదు.

ఫలితం చూసుకోవాలి

వచ్చిన ప్రతి కొనుగోలుదారును ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగి, సమాధానాన్ని అదే పుస్తకంలో రాసుకోవాలి. ఆరు నెలలకు ఏ కబురు అమ్మకం తెచ్చిందో, ఏది తేలేదో తేటతెల్లమవుతుంది. పనికిరానిదాన్ని వదిలి, పనికొచ్చినదాన్ని కొనసాగించాలి.

దీనికి కావలసిన పెట్టుబడి ఒక పంచాంగం, ఒక నోటు పుస్తకం, నెలకు ఒక రోజు. పెద్ద దుకాణాల మాదిరి రాయితీలు ఇచ్చే స్తోమత చిన్న వ్యాపారికి ఉండదు. తన చేతిపని గురించి సరైన సమయంలో నిజం చెప్పగల అవకాశం మాత్రం అందరికంటే అతనికే ఎక్కువ.