అనిశ్చితి అంటే అరాచకం కాదు

సాహిత్య చర్చల్లో ఒక వాదం తరచు వినబడుతుంది: 'కార్యకారణ సంబంధాన్ని క్వాంటం భౌతికశాస్త్రమే కాదన్నది, ఇక కథలో కారణం వెతకడమెందుకు?' సైన్సును సాక్షిగా పిలిచారు గనుక, ఆ సాక్షి నిజంగా చెప్పిందేమిటో చూడాలి.

మా గంపలగూడెంలో పిల్లలు ఆటకు ముందు నాణెం ఎగరేస్తారు. బొమ్మో బొరుసో ముందుగా చెప్పలేం. విసిరిన బలం, తిరిగిన వేగం, నేల తీరు పూర్తిగా తెలిస్తే చెప్పవచ్చు. ఇక్కడ సంభావ్యత మన అజ్ఞానానికి కొలత.

ఎలక్ట్రాన్ సంగతి వేరు. దాని తరంగం నుంచి మనకు లభించేది, అది ఫలానా చోట కనబడే సంభావ్యత మాత్రమేనని 1926లో మాక్స్ బోర్న్ వివరించాడు. రెండు సన్నని చీలికల గుండా ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపితే, ప్రతి ఒక్కటీ తెరమీద ఒక చుక్కగా పడుతుంది. ఆ చుక్క ఎక్కడ పడేదీ సిద్ధాంతం చెప్పదు. వేల చుక్కలు చేరేసరికి మాత్రం చారలు తేలుతాయి. ఎన్నిసార్లు చేసినా అవే చారలు! ఒక చీలిక తెరిచినప్పుడు ఎలక్ట్రాన్లు పడిన చోట, రెండూ తెరిస్తే అసలు పడకపోవచ్చు. నాణేల లెక్కలో ఇలా జరగదు. ఇక్కడ ముందు కూడవలసింది సంభావ్యతలను కాదు, తరంగాలను.

ఐన్‌స్టీన్ దీనితో తృప్తిపడలేదు. అయితే జాన్ బెల్ 1964లో చూపిన మార్గంలో, 1982లో అలెన్ ఆస్పే బృందం ఫ్రాన్సులో జరిపిన ప్రయోగాలు క్వాంటం లెక్కనే సమర్థించాయి.

మరి ఇది నియమరాహిత్యమా? కాదు. ఆ తరంగం కాలంతో మారే తీరును ష్రోడింగర్ సమీకరణం ఖచ్చితంగా నిర్ణయిస్తుంది. చెప్పలేనిది ఒక్క చుక్క. చెప్పగలిగినది మొత్తం చిత్రం.

అనిశ్చితికీ లెక్క ఉందని చూపినవారిలో మనకు దగ్గరివారొకరున్నారు. బాల్యంలో నూజివీడు, నందిగామల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు (1920-2023), పరిశీలనలను బట్టి వేసే నిష్పాక్షికమైన అంచనాలో అనిశ్చితి ఎంతకంటె తగ్గదో 1945లో నిరూపించారు. అదే క్రేమర్-రావు అసమీకరణం. 1967లో హెల్‌స్ట్రోమ్ దానిని క్వాంటం కొలతలకు విస్తరించాడు.

కనుక 'అంతా యాదృచ్ఛికం' అనే రచయితకు ఈ సాక్షి అక్కరకు రాదు. ఎలక్ట్రాను గుణాన్ని తెచ్చి మనిషికి అంటగట్టడం సైన్సూ కాదు, సాహిత్యమూ కాదు. కౌలురైతు ఊరు విడిచిన కథలో అప్పుకు తరంగం లేదు. నోటు ఉంది, వడ్డీ ఉంది, వాటిని రాయించుకున్నవాడున్నాడు. ఆ కారణాన్ని చూపవలసిన బాధ్యత నుంచి రచయితను ఏ భౌతికశాస్త్రమూ తప్పించదు.