వర్క్‌షాప్‌లో పాఠం, అదుపు

ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. ఒక్కో యూనిట్‌లో 20 మంది ఉంటారు. పదో తరగతి దాటిన ఈ పిల్లలు రోజులో ఎక్కువ సమయం వర్క్‌షాప్‌లోనే, సుత్తి, హ్యాక్సా, ఆకురాయి పట్టుకుని గడుపుతారు. అక్కడ పాఠం సరిగా సిద్ధం చేసుకోని రోజే అల్లరి మొదలవుతుంది. అందుకే లెసన్ ప్లాన్‌ను, క్రమశిక్షణను విడదీసి చూడటం కుదరదు.

ప్రాక్టికల్ పాఠానికి నాలుగు మెట్లున్నాయి: సన్నద్ధం చేయడం, చేసి చూపడం, చేయించడం, పరీక్షించడం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఓడల కర్మాగారాల కార్మికులకు శిక్షణ ఏర్పాట్లు చేసిన చార్లెస్ అలెన్ 1919 నాటి తన పుస్తకంలో ఈ పద్ధతిని వివరించాడు. మన దేశంలో 1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం మొదలైంది. ఆ పథకం కింద నడిచే ఐటీఐల్లో ఈనాటి ఇన్‌స్ట్రక్టర్ల లెసన్ ప్లాన్‌లోనూ కనిపించేది ఈ క్రమమే.

ప్లాన్‌లో ‘ఫైలింగ్ నేర్పడం’ అని రాసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ట్రై స్క్వేర్ ఆనించినప్పుడు సందులోంచి వెలుతురు కనబడకుండా ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్లాట్ ఒక ముఖాన్ని రుద్దాలి’ అని రాస్తే, జాబ్ అయిందో లేదో శిక్షణార్థి తానే తేల్చుకోగలడు. చూపించడంలోనూ ఒక వరుస ఉంది. మొదట మాట్లాడకుండా మామూలు వేగంతో చేయాలి. ఆ తర్వాత ఆగి ఆగి వివరించాలి. తోసేటప్పుడే ఆకురాయి లోహాన్ని కోస్తుంది కనుక వెనక్కి తెచ్చేటప్పుడు బరువు వేయకూడదు. తోపు మొదట్లో ముందున్న ఎడమ చేతి బరువు ఎక్కువ, మధ్యలో రెండు చేతులదీ సమానం, చివరికొచ్చేసరికి కుడి చేతిది ఎక్కువ. ఈ మార్పు చేతికి పట్టుబడకపోతే అంచులు అరిగి మధ్యభాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. కొత్తవాళ్ల జాబ్‌లలో తరచుగా కనిపించే లోపం ఇదే.

ఒక్క వైస్ చుట్టూ 20 మంది నిలబడితే వెనక వరుసకు ఏమీ కనబడదు. కనబడనివాళ్లు కబుర్లలో పడతారు. సగం మందికి మార్కింగ్ పని అప్పగించి, మిగతా సగానికి చూపించడం మేలు. డ్రిల్లింగ్ మెషిన్ ఒక్కటే ఉంటే ఎవరి వంతు ఎప్పుడో ముందే బోర్డు మీద రాయాలి. త్వరగా ముగించేవాళ్ల కోసం మరో జాబ్ సిద్ధంగా ఉంచాలి. అల్లరి జరిగాక ఎలా మందలించారన్నదానికంటే, అల్లరికి తావులేకుండా తరగతిని ఎలా నడిపారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని అమెరికన్ పరిశోధకుడు జేకబ్ కౌనిన్ 1970లో ప్రచురించిన పుస్తకంలో చూపాడు. వర్క్‌షాప్‌లో ఇది మరీ నిజం.

భద్రత దగ్గర మాత్రం రాజీ ఉండకూడదు. చక్ కీని చక్‌లోనే వదిలేసి మెషిన్ ఆన్ చేయబోయినా, కంప్రెసర్ గాలిని సరదాకు తోటివాడి మీదికి వదిలినా పని అక్కడికక్కడ ఆపించాలి. ఎందుకు ఆపించారో ఆ క్షణంలోనే చెప్పాలి.

మిగతా తప్పులకు అందరి ముందూ కేకలు వేయడం మంచిది కాదు. ‘చదువు రాదు కాబట్టి ఐటీఐలో చేర్పించాం’ అన్న మాట ఇంట్లో విని వచ్చిన పిల్లలు కొందరుంటారు. పదిమందిలో మరోసారి చిన్నబుచ్చితే వాళ్లు మొండికేస్తారు. బెంచ్ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగితే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది: డ్రాయింగ్ చదవడం రాదు, లేదా 0.02 మి.మీ. వరకు కొలిచే వెర్నియర్ మీద ఏ గీతలు కలిశాయో ఎలా చూడాలో అర్థం కాలేదు. తెలియదని చెప్పుకోలేక పక్కవాణ్ని కదిలిస్తుంటాడు. అలాంటి వాడికి కావలసింది ఆ రీడింగ్‌ను దగ్గర కూర్చుని మరోసారి చూపించేవారు.

చివరి పావుగంట శుభ్రతకు, పనిముట్ల లెక్కకు, కొలతలకు కేటాయించాలి. జాబ్‌ను ముందు శిక్షణార్థి కొలవాలి, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కొలిచి తేడా ఎక్కడుందో చూపించాలి. సగం మంది ఒకే తప్పు చేస్తే, మర్నాటి ప్లాన్‌లో కొత్త జాబ్‌ను పక్కనపెట్టి అదే అంశాన్ని మళ్లీ చేసి చూపాలి.