సుస్థిర శబ్దార్థ విచారం

పాఠ్యగ్రంథాలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను 'సుస్థిరాభివృద్ధి' అనే సమాసం నేడు విరివిగా కనిపిస్తున్నది. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం తన నివేదికలో, భావితరాల అవసరాలకు లోటు రానీయక నేటి అవసరాలను తీర్చుకొనే వృద్ధిని 'సస్టైనబుల్' అనే విశేషణంతో నిర్వచించిన తరువాత ఈ మాట లోకమంతటా వ్యాపించినది. దానికి తెలుగువారు, కన్నడిగులు 'సుస్థిర' అన్నారు. హిందీవారు 'సతత' అన్నారు. తమిళులు నిలుచు అనే అర్థం గల తమ ధాతువునే ఆశ్రయించారు. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే కుప్పంలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఆ ఊరిలో, ఈ భేదం గ్రంథాలు తిరగవేయకయే తెలుస్తుంది.

స్థిర శబ్దం ష్ఠా ధాతువు నుండి ఔణాదిక ప్రత్యయంతో నిష్పన్నమైనది. ఆ ధాతువునకు ధాతుపాఠం చెప్పిన అర్థం గతినివృత్తి, అనగా కదలిక ఆగుట. అభివృద్ధి అంటేనో పెరుగుట. ఇక ఆగిన దానికి పెరుగుదల ఎట్లు? దీనికి సమాధానం లేకపోలేదు. క్షణికవాదులైన బౌద్ధులతో వాదించిన నైయాయికులకు స్థిరమంటే కదలనిది కాదు. పూర్వక్షణంలో ఉన్న వస్తువే ఉత్తరక్షణంలోనూ కొనసాగుట. ఈ అర్థంలో సుస్థిర పదం సమర్థనీయమే. అయితే స్థిరాస్తి అనే మాట పుట్టింది మొదలు వింటున్న విద్యార్థికి తర్కశాస్త్రార్థం స్ఫురించదు, కదలని వస్తువే స్ఫురిస్తుంది.

ధ్వనిసామ్యం మరొక భ్రాంతికి కారణం. 'సస్టైన్' మాటలోని ఉత్తరభాగం మన స్థా ధాతువే అనుకొనేవారు కలరు. అది సరికాదు. లాటిన్ 'సస్టినేరే'లో రెండు భాగాలు: క్రింద అని చెప్పే 'సబ్', పట్టి ఉంచుట అని చెప్పే 'టెనేరే'. మొదటిది మన 'ఉప'కు సజాతీయం. రెండవది తనోతి అనే రూపం గల తను ధాతువునకు, అనగా విస్తారార్థకానికి, సజాతీయమని భాషాచరిత్రకారుల నిర్ణయం. హిందీవారు గ్రహించిన సతత శబ్దం 'సమ్' ఉపసర్గ పూర్వకమైన ఈ తను ధాతువు నుండియే వచ్చినది, మకారలోపం వైకల్పికం. పాణిని సైతం క్రియ ఎడతెగక సాగుటను చెప్పవలసిన చోట 'సాతత్య' శబ్దాన్నే వాడినాడు. హిందీవారు ఈ బంధుత్వాన్ని ఎరిగి ఎన్నుకొన్నారో లేదో గాని, ఎన్నిక మాత్రం ఉచితమైనది.

ఆ ధాతువు నుండియే సంతానం. కుమారుడు, తటాకం, కావ్యం, నిధానం, దేవాలయం, వనం, అగ్రహారం అని మన పెద్దలు సప్తసంతానాలను లెక్కించారు. చెరువును సంతానమనుటలో కేవలం పుణ్యవాంఛయే ఉన్నదని తలచుట పొరపాటు. ఏడు పొడుగునా పారే నది లేని మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో తరం నుండి తరానికి పైరును అందించినది చెరువే. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనం, భాస్కర భవదూరుడు వేయించినది, ఈ విషయంలో చూడదగినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతితో పాటు చెరువునకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అది చెప్పుతున్నది. నీరు కొంచెమై భూమి విస్తారమగుట ఒక దోషం. నీరు మిక్కిలియై భూమి కొంచెమగుట మరొకటి. ఆధునికులు సుస్థిరత అనేది ఈ తూకమే.

ఐరోపాలోనూ ఈ భావన లేమి నుండియే పుట్టినది. సాక్సనీ గనుల అధికారి కార్లోవిట్జ్, లోహం కరిగించే కొలుములకు కట్టెలు కరువైనప్పుడు, అడవి పెరిగినంత మేరకే నరకవలెనని 1713లో గ్రంథం వ్రాసినాడు. అక్కడ కట్టె, ఇక్కడ నీరు.

చెరువు తనంత తాను సంతానం కాదు. పూడిక తీయకపోతే గర్భం నిండును, తూము చెడును, కట్ట తెగును. అందుకే రాయలసీమలో చెరువు కట్టించిన వారికి, బాగుచేయించే వారికి దశబంధ మాన్యాలు ఇచ్చేవారు. నీటిని పొలాలకు పంచుటకు నీరుగంటి ఉండేవాడు. మాన్యాలు మాసి, గొట్టపుబావులు పెరిగిన పిదప అనేక చెరువులు పూడిపోయినవి. కట్ట నేటికీ కదలక నిలిచియే ఉన్నది. గతినివృత్తి అర్థంలో అది సుస్థిరమే, సంతానం మాత్రం కాదు.

పల్లెవాసులకు ఈ శబ్దచర్చతో పని లేదు. ఎండకు ఆగే పైరును 'తాళే పైరు' అంటారు. మీటరు ఎత్తు కూడా మించని పుంగనూరు ఆవు ఎండుమేతతో కరువును గడుపుట 'తాళుట' కాక మరేమి? సంకరజాతుల రాకతో ఆ పశువు దాదాపు అంతరించబోగా, పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాని వంశాన్ని నిలుపుటకు పూనుకొన్నది. భారమును మోయుట, ఓర్చుట అనే లాటిన్ ధాత్వర్థానికి 'తాళు' అతి సమీపం. శాస్త్రవ్యవహారానికి రూఢమైన సుస్థిర శబ్దాన్ని మార్చనక్కరలేదు. దానికి నిఘంటువులలో స్థిరం, అచలం అనే పర్యాయాలను మానివేసి, సాతత్యం, సంతతి, తాళిమి అనే అర్థాలను చేర్చవలసి ఉన్నది.